తలకిందులుగా కట్టిన బ్యానరు

బుధవారం ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలు.

పోర్తోవెల్లా స్టేడియంలో ఉత్తరపు స్టాండు కింద సామాన్ల గది తలుపు తెరిచాడు దెలియో. ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ళ బట్టలు ఉతికించి, బూట్లు తుడిచి సర్దిపెట్టే మనిషి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. లైటు వేశాడు. రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు.

సిమెంటు నేల మీద ఉల్దెరీకో మొరికోని బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఎముక లోపలికి పోయింది. రక్తం పాక్కుంటూ మురుగు జాలీ దాకా వెళ్ళి అక్కడ గడ్డకట్టింది. పక్కనే జెండా కర్రలు బిగించే ఇనుప గొట్టం. దాని చివర వెంట్రుకలు అంటుకున్నాయి.

గోడ వారగా ఉన్న చెక్కపెట్టె మూత తెరిచి ఉంది. లోపల ఖాళీ.

దెలియో మొదట కేక పెట్టింది ఆ పెట్టెను చూసి. శవాన్ని చూసి కాదు. ఈ మాట తర్వాత ఆయనే సిగ్గుపడుతూ చెప్పాడు. మా ఊళ్ళో ఆయన్ను తప్పుపట్టినవాడు లేడు.

ఆ పెట్టెలో ఉండాల్సింది 'ముసలి కెరటం'. పద్నాలుగు మీటర్ల నీలం గుడ్డ, దాని మీద తెల్లటి అక్షరాలు. నలభై ఒక్క ఏళ్ళుగా ఉత్తరపు స్టాండు ముందు కడుతున్న బ్యానరు. దాని వెనక నిలబడి గొంతు చించుకునే గుంపు పేరు కూడా అదే. ఆ గుంపుకి రెండే చట్టాలు. బ్యానరు నేల తాకకూడదు. శత్రువు చేతిలో పడితే గుంపు రద్దు. ప్రభుత్వం చట్టాల్ని మావాళ్ళు రోజుకి పదిసార్లు మీరతారు. ఈ రెండిటినీ మాత్రం మీరరు.

అసలు ఆ ఏడాది సెరియె బి, అంటే దేశంలో రెండో డివిజన్, మాకు అచ్చిరాలేదు. ఆగస్టులో పై డివిజన్‌కి పోతామన్నారు. నవంబరుకల్లా ఇద్దరు కోచ్‌లు మారారు. జనవరిలో, పదకొండు గోల్స్ కొట్టినవాణ్ణి అమ్మేశారు. ముప్ఫై ఏడు మ్యాచ్‌లయ్యాక మాకు నలభై పాయింట్లు. కొండమీది రోక్కాసెల్వాకీ సరిగ్గా నలభై. ఆఖరి మ్యాచ్ శనివారం మూడింటికి, మా మైదానంలో, వాళ్ళతోనే. ఓడినవాడు కింది డివిజన్‌కి దిగిపోవాలి. దేవుడికి కూడా ఒక్కోసారి వెటకారం ఎక్కువవుతుంది.

ఏడూ నలభైకి ఇన్‌స్పెక్టర్ నెవియా బ్రందోని వచ్చింది. నలభై నాలుగేళ్ళ మనిషి. చేపలరేవు వీధిలో పుట్టి పెరిగింది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"తాళం పగలగొట్టారా?"

"లేదు మేడమ్. తలుపు దగ్గరగా వేసి ఉంది" అన్నాడు దెలియో.

"తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర. ఒకటి బ్యానరు బాధ్యత చూసే ఉల్దెరీకో జేబులో."

"అంటే తలుపు అతనే తీశాడు. తెలిసినవాడికి తీశాడు. బ్యానరు ఇక్కడుందని ఎవరెవరికి తెలుసు?"

దెలియో వేళ్ళు మడిచాడు. "నాకు. ఇతనికి. ఇతని తమ్ముడు సీరియోకి. డోలు కొట్టే గ్వెర్రీనోకి. అంతే. వారం వారం చోటు మారుస్తాం. పెళ్ళాలకి కూడా చెప్పం."

"రాత్రి మీరెక్కడ?"

"ఆటగాళ్ళతో హోటల్లో. ఆఖరి మ్యాచ్ కదా, సోమవారం నుంచే అందర్నీ ఒకచోట పెట్టి గేటుకి తాళమేశారు. పాతికమంది సాక్షులున్నారు. పొద్దున ఆరున్నరకి బయటికి వదిలారు నన్ను."

కానిస్టేబుల్ ఎజిదియో శవం చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. గోడలకి అంటించే చావు కబురు కాగితం. నల్లటి అంచు. ఎనెయా స్కార్పోని, పంతొమ్మిదేళ్ళు, రోక్కాసెల్వా.

ఆ పేరు తెలియనివాడు లేడు. నవంబరులో రోక్కాసెల్వాలో జరిగిన మొదటి మ్యాచ్ తర్వాత, పార్కింగులో ఎవరో ఆ కుర్రాడి మెడలో ఇనుప మొల దింపారు. పడవ తాళ్ళ ముడులు విప్పే మొల. ఆరు నెలలు ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉండి, మొన్న ఆదివారం చచ్చిపోయాడు. పొడిచింది ఎవరో తేలలేదు.

"శత్రువు చావు కబురు ఇతనెందుకు దాచుకున్నాడు?" అంది నెవియా.

"వెక్కిరించడానికేమో" అన్నాడు దెలియో.

కాగితాన్ని గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీశారు. ఒక మూల కూడా చిరగలేదు. నాలుగు మడతలు పెట్టి గుండె జేబులో ఉంది. వెక్కిరించేవాడు ఇలా దాచుకోడు అనుకుంది నెవియా.

ఎజిదియో నసిగాడు. "మేడమ్, ఇంకో సంగతి. నిన్న సాయంత్రం ఐదూ యాభైకి ఇతను స్టేషనుకి ఫోన్ చేశాడు. మీరు పొద్దున ఎన్నింటికి వస్తారని అడిగాడట. ఎనిమిదింటికని చెప్పారు."

నెవియా గడియారం చూసుకుంది. సరిగ్గా ఎనిమిది.

అప్పుడే గ్వెర్రీనో పరుగెత్తుకొచ్చాడు. అరవై ఏళ్ళ కసాయి. దుకాణం ఏప్రన్‌తోనే వచ్చాడు. ఫోను నెవియా ముందుకు చాచాడు.

"చూడమ్మాయీ. ఆరూ నలభైకి వచ్చింది. ఎవరి నంబరో తెలీదు."

ఫొటోలో రోక్కాసెల్వా పాత చక్కెర మిల్లు కటకటాలు. వాటికి 'ముసలి కెరటం' తలకిందులుగా కట్టి ఉంది. అక్షరాల కాళ్ళు ఆకాశం వైపు, దోచుకున్న బ్యానర్ని అవమానించే పద్ధతి. వెనక మిల్లు పొగగొట్టం. కటకటాలు పొట్టివి కావడంతో బ్యానరు అంచు ఒకచోట కిందికి జారి మడతపడింది. చుట్టూ రాత్రి వానకి బురద. అడుగున ఏదో పసుపుపచ్చని చార.

"తలకిందులు చేశారు, చూడు. నా పెళ్ళాం పోయినప్పుడు కూడా ఇట్లా ఏడవలేదు" అని ముక్కు ఏప్రన్‌కి తుడుచుకున్నాడు గ్వెర్రీనో.

"నిన్న రాత్రి మీరెక్కడ మామా?"

"ఇంట్లో. ఒంటరిగా. నన్ను చూసినవాళ్ళెవరూ లేరు. అనుమానిస్తే అనుమానించుకో."

ఫోను కంపెనీ నుంచి సాయంత్రానికి కబురొచ్చింది. పేరులేని సిమ్. రోక్కాసెల్వా టవర్ పరిధిలో పదిహేను నిమిషాలు పనిచేసి ఆగిపోయింది. పోస్ట్‌మార్టం ప్రకారం చావు రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య. వెనకనుంచి మూడు దెబ్బలు. ఊరంతా హంతకుణ్ణి అప్పటికే తేల్చేసింది. వాడికి ముఖం లేదు, పేరు లేదు. రోక్కాసెల్వా వాడు, అంతే.

కానీ అంతకుముందే, పదింబావుకి, నెవియా మొరికోని వాళ్ళింటికి వెళ్ళింది.

తల్లి ఫెర్నాందా వంటింట్లో చేపలు కడుగుతోంది. అరవై ఎనిమిదేళ్ళ ముసలిది. ఏడుస్తూనే పొలుసు గీకుతోంది.

"వలలు బాగుచేసే బ్రందోని కూతురివి కదూ నువ్వు? కూర్చో తల్లీ. కాఫీ తాగు. కప్పు కింద చెయ్యి పెట్టుకో, బల్ల మీద గుడ్డ లేదు. మరక పడితే చెక్కకి పోదు. ఎక్కడ పెట్టి చచ్చానో. చావింట్లో ఏ వస్తువూ చోటులో ఉండదు."

సీరియో లోపలికొచ్చాడు. ఇరవై ఏడేళ్ళవాడు. స్టాండు ముందు మెగాఫోను పట్టుకుని గుంపుని ఆడించేది అతనే. గొంతు ఎప్పుడూ బొంగురే.

"నిన్న రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంట్లో. పడుకున్నా."

"సాక్షి?"

"మా అమ్మ."

"వాడి గదిలో దీపం వెలుగుతూనే ఉందమ్మా" అంది ఫెర్నాందా. "నేను తొమ్మిదింటికి చెవి మిషను తీసి పెట్టేస్తా. ఆ తర్వాత పిడుగు పడ్డా వినపడదు."

సీరియో గోడకి ఆనుకున్నాడు. "నన్నేం అడుగుతారు మేడమ్? ఫొటో చూశారుగా. చంపి, సంతకం పెట్టి మరీ పంపారు. శనివారం దాకా మా గుంపు ఉంటుంది. ఆ తర్వాత రద్దు. ఈలోగా వాళ్ళు బస్సు దిగుతారు. ఒక్కడు కూడా తిరిగి ఎక్కడు."

"కత్తులతో వస్తే తోలు తీస్తాను సీరియో."

"తీయండి. మా అన్న తల పగిలినప్పుడు మీరెక్కడున్నారు?"

తలుపు దబాలున వేసి పోయాడు. ఫెర్నాందా చేతికి పొలుసు ఉండగానే నెవియా మణికట్టు పట్టుకుంది.

"ఒకణ్ణి దేవుడు తీసుకుపోయాడు. రెండోవాడు కత్తి నూరుకుంటున్నాడు. శనివారం రాత్రికి వాడు బతికుండాలి, నెవియా. నిన్ను అదొక్కటే అడుగుతున్నా. ఇంతవాడయ్యాడా, చేపలో ముల్లు తీసుకోవడం కూడా చేతకాదు వాడికి. ఇప్పటికీ వాళ్ళన్నే తీసి పళ్ళెంలో పెట్టేవాడు."

"బతికుంటాడమ్మా."

పోలీసులు ఇవ్వకూడని మాట అది. ఇచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవై. రేవు దగ్గర పెట్రోలు బంకు. నీళ్ళ సీసాల లారీ ఒకటి ఆగింది. అద్దం దగ్గర ఆకుపచ్చ స్కార్ఫు వేలాడుతోంది. రోక్కాసెల్వా రంగు. అంతే, పదిహేనుమంది చుట్టుముట్టారు. డ్రైవర్ని కాళ్ళు పట్టి లాగి కింద పడేశారు. హెల్మెట్లతో కొట్టారు. సీసాలు పగలగొట్టి వాటితో కొట్టారు. యాభై రెండేళ్ళవాడు. చేతులు జోడించి ఏదో చెప్పబోయాడు. జోడించిన చేతుల మీదే తన్నారు.

నెవియా మధ్యలోకి దూకింది. ఒక హెల్మెటు ఆమె కనుబొమ్మని చీల్చింది. ఎజిదియో గాల్లోకి రెండుసార్లు కాల్చాక గానీ గుంపు చెదరలేదు.

డ్రైవరు కుడి కన్ను పోయింది. స్కార్ఫు కొడుకుదట. అతను ఫుట్‌బాల్ చూడనే చూడడట. ఇలాంటివి విన్నప్పుడు నాకు మా ఊరంటే అసహ్యం వేస్తుంది. దాచుకోను.

సాయంత్రానికి వాళ్ళు జవాబు చెప్పారు. అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గట్టు దగ్గర మావాళ్ళ పడవలు రెండు తగలబడ్డాయి. ఒకదాంట్లో పడుకున్న ముసలాయన ఒళ్ళు కాలింది.

పై అధికారి ఫోన్ చేశాడు. "జనం లేకుండా ఆడిస్తే?"

"లోపల ఖాళీ చేస్తే బయట నిండుతుంది సార్. వీధుల్లో నరుక్కుంటారు. నాకు హంతకుడు కావాలి. మూడింటికి ముందే కావాలి."

శుక్రవారం ఉదయం ఆరింటికి, నుదుట ఏడు కుట్లతో, నెవియా తన వంటింట్లో కూర్చుంది. ఫొటోని పెద్దది చేయించి ముందు పెట్టుకుంది. కాఫీ కప్పు దించబోతూ అలవాటుగా దానికింద సాసరు పెట్టింది. ఆ సాసరు వంక కాసేపు చూసింది. తర్వాత ఫొటోని భూతద్దం కింద పెట్టి, ఈసారి అడుగునుంచి చూడడం మొదలెట్టింది.

ఆరూ ఇరవైకి ఎజిదియోని లేపింది.

"అంత్యక్రియలయ్యాక, నాలుగింటికి, దెలియోనీ గ్వెర్రీనోనీ ఫెర్నాందా గారింటికి రమ్మను. సీరియో ఎలాగూ ఉంటాడు. నువ్వు తలుపు బయట నిలబడు."

నాలుగు గంటలు. అదే వంటిల్లు. ఒట్టి చెక్కబల్ల చుట్టూ ఐదుగురు. ఫెర్నాందా, సీరియో, గ్వెర్రీనో, దెలియో, నెవియా. బయట వీధిలో గుంపు కుర్రాళ్ళు జెండా కర్రల చివర్లు చెక్కుకుంటున్నారు.

నెవియా ఫొటో బల్ల మీద పెట్టింది. "ఇందులో ఏం కనిపిస్తోంది?"

"తలకిందులైన బ్యానరు" అన్నాడు గ్వెర్రీనో.

"వాళ్ళ మిల్లు" అన్నాడు దెలియో.

"నేను చూడను. చాలాసార్లు చూశాను" అన్నాడు సీరియో.

"అందరూ పైనే చూశారు. నేనూ రెండ్రోజులు పైనే చూశాను. ఇప్పుడు కింద చూడండి." పెద్దది చేసిన ముక్క తీసింది. "ఇది బురద. ఇది బ్యానరు అంచు. ఈ రెండిటి మధ్య పసుపుపచ్చగా ఏముంది?"

గ్వెర్రీనో కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏదో పరిచారు. అంచు జారిన మేరంతా."

"మీ బ్యానరు రోక్కాసెల్వా వాళ్ళకి చిక్కితే ఏం చేస్తారు మామా?"

"తొక్కుతారు. ఉచ్చపోస్తారు. తగలబెడతారు. వాళ్ళది చిక్కితే మేమూ అంతే."

"బురద అంటుతుందని కింద గుడ్డ పరుస్తారా?"

గ్వెర్రీనో ఫొటోని దగ్గరికి లాక్కున్నాడు.

"దీన్ని కట్టినవాడు మీవాడే. తలకిందులుగా కట్టడానికి గుండె రాయి చేసుకున్నాడు. బురదలో వేయడానికి మాత్రం చేతులు ఒప్పుకోలేదు. అది ఎక్కడుందో తెలిసినవాళ్ళు నలుగురు. ఒకరు పోయారు. దెలియో హోటల్లో ఉన్నాడు. మిగిలింది ఇద్దరు."

"నేను కాదమ్మాయీ" అన్నాడు గ్వెర్రీనో మెల్లగా.

"కాదు మామా. ఎవరు అవునో, ఎవరు కాదో ఆ గుడ్డే చెబుతుంది."

ఇంకో ముక్క తీసి ఫెర్నాందా ముందు పెట్టింది. ఇంకా పెద్దది చేసింది. మసకమసగ్గా నిమ్మకాయలు. రెండేసి ఆకులు.

"అమ్మా, ఈ బల్ల మీది ఆయిల్‌క్లాత్ ఎట్లా ఉంటుంది?"

ఫెర్నాందా చూసింది.

"సంతలో ఇట్లాంటివి వెయ్యి దొరుకుతాయి" అన్నాడు సీరియో. "అమ్మా, చెప్పు. అది మనది కాదని చెప్పు."

"నిజమే, వెయ్యి దొరుకుతాయి" అంది నెవియా. "మీది కాదని మీరంటే నా దగ్గర ఇంకేమీ లేదమ్మా. లేచి వెళ్ళిపోతాను. రేపు మూడింటికి కొండమీంచి ఎనిమిది వందల మంది వస్తారు. చెయ్యని పనికి వాళ్ళని వీళ్ళు పొడుస్తారు. వీళ్ళని వాళ్ళు పొడుస్తారు. పెద్దబ్బాయి ఆ చావు కాగితాన్ని గుండెకి పెట్టుకుని తిరిగాడు. బుధవారం ఎనిమిదింటికి నా దగ్గరికి రావాలనుకున్నాడు. ఒంటరిగా కాదనుకుంటాను."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, ఇంట్లోవాళ్ళు తప్ప.

ఫెర్నాందా కొడుకు వైపు తిరిగింది. "ఆదివారం పోయిన ఆ పిల్లాడు. వాణ్ణి పొడిచింది నువ్వేనా?"

సీరియో నేల చూశాడు.

ముసలామె లేచింది. చెంచాల సొరుగు లాగింది. చెంచాలు, ఫోర్కులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. అడుగున పరిచిన ముక్కని పైకి లేపింది. పసుపు నిమ్మకాయలు. రెండేసి ఆకులు.

"కొన్నప్పుడు బల్లకి కాస్త పొడుగైంది. పారేయడమెందుకని కత్తిరించి ఇందులో వేశాను" అని దాన్ని ఫొటో పక్కన పెట్టింది.

సీరియో ఒక్క తన్నుతో బల్ల తిరగేశాడు. చేపల కత్తి అతని చేతిలోకి వచ్చింది. నెవియా మీదికి ఉరికాడు. కత్తి ఆమె ముంజేతిని మోచేతి దాకా చీల్చింది. గ్వెర్రీనో వెనకనుంచి పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఎద్దుల్ని మోసిన చేతులు. సీరియో మోచేత్తో వెనక్కి పొడిస్తే ముసలాడి ముక్కు విరిగి రక్తం కారింది. అయినా వదల్లేదు. నెవియా అతని మణికట్టుని పొయ్యి అంచుకేసి రెండుసార్లు కొట్టింది. ఎముక చిట్లిన చప్పుడు అందరికీ వినిపించింది. కత్తి కింద పడింది. ఎజిదియో తలుపు తోసుకొచ్చి బేడీలు వేశాడు.

సీరియో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మంగళవారం రాత్రి అన్న, బ్యానరు చూద్దాం రా అన్నాడు. వెళ్ళాక, పొద్దున స్టేషనుకి తీసుకెళ్తానన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానన్నాడు, బడికి తీసుకెళ్ళినట్టు. నువ్వు రాకపోతే నేనొక్కణ్ణే పోయి చెబుతానన్నాడు. చెప్పి పెట్టె వైపు తిరిగాడు."

"బ్యానరు ఎక్కడ?"

"అన్న పడవలో. మడత పెట్టే ఉంది."

"ఆ గుడ్డ ఎందుకు పరిచావు?"

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు సీరియో. "నేల తగలకూడదు కదా."

"మీ అన్నని నేల మీదే వదిలేశావు" అంది నెవియా.

అప్పుడు ఏడ్చాడు. ఫెర్నాందా ఏడవలేదు. తిరగబడ్డ బల్లని నిలబెట్టడానికి ఒక్కతే అవస్థ పడుతోంది. దెలియో వెళ్ళి రెండో చివర పట్టుకున్నాడు.

శనివారం పదింటికి, విరిగిన ముక్కుకి కట్టుతో, గ్వెర్రీనో ఉత్తరపు స్టాండు గేటు ముందుకొచ్చాడు. గుంపు రద్దయిందన్నాడు. ఎందుకో చెప్పాడు. కసాయి కత్తితో తన డోలు చర్మాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి కోసేశాడు. చెక్కిన జెండా కర్రలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. మూడింటికి రోక్కాసెల్వా వాళ్ళు బస్సులు దిగారు, ఐదింటికి ఎక్కారు. ఒక్కడి ఒంటి మీద గీత పడలేదు. మ్యాచ్ ఒకటి-సున్నాతో మేమే గెలిచాం. సెరియె బిలో మిగిలాం. గోలు పడినప్పుడు ఉత్తరపు స్టాండులో ఎవరూ అరవలేదు.

సాయంత్రం ఏడింటికి నెవియా, చేతికి కట్టుతో, ఫెర్నాందా తలుపు తట్టింది. ముసలామె ఒట్టి బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా ఒకే పళ్ళెం.

"మాట నిలబెట్టుకున్నావు తల్లీ. బతికే ఉన్నాడు."

"ఉన్నాడమ్మా."

"జైల్లో శుక్రవారాలు చేప పెడతారంట. నిజమేనా?"

"పెడతారమ్మా."

ఫెర్నాందా పళ్ళెం అంచుని ఏప్రన్‌తో తుడిచింది.

"మరి ముల్లెవరు తీస్తారు?" అంది.